వెలుతురు కొలిచిన రోజులు

36 బొమ్మల ఫిల్ము రోలు. జాగ్రత్తగా ఎక్కించుకుంటే 37, ఇంకాస్త కలిసొస్తే 38. ఆ లెక్కలో పెరిగిన తరానికి వెలుతురు కొలిచే మీటరు ముల్లంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పెంటాక్స్ కె1000 కెమెరా వ్యూఫైండర్‌లో కుడిపక్కన సన్నటి ముల్లు పైకీ కిందికీ ఊగేది. లెన్సులో వెలుతురు దూరే కంతను మార్చే ఎపర్చర్ రింగు ఒక టిక్కు తిప్పగానే మధ్యకొచ్చి నిలిచేది. అలా నిలవగానే నొక్కేస్తే ఫోటో బాగా వచ్చినట్టేనని ఎంతమంది నమ్మారో! ముల్లును మధ్యకు తేవడం ఒక్క పూటలో వచ్చేస్తుంది. ఆ ముల్లుకు దేన్ని చూపించాలో తెలియడానికే పది రోళ్ళు పట్టేది.

మీటరు పుట్టకముందు కూడా వెలుతురు కొలత ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకల మీద తీసేవారు. ఎంతసేపు మూత తెరవాలన్నది అనుభవమే చెప్పాలి. ఆ రోజుల్లో మామూలుగా దొరికే పలకలకు నీలి వెలుతురే ఎక్కువ ఆనేది. అందుకే సాయంత్రపు ఎర్రటి ఎండ కంటికి ఎంత కళగా ఉన్నా పలకకు చాలేది కాదు. తర్వాత జేబుగడియారంలా ఉండే వాట్కిన్స్ బీ మీటరు వచ్చింది. అందులో వెలుతురుకు నల్లబడే కాగితం ముక్క ఉంటుంది. పక్కనున్న రంగుతో సమానంగా నల్లబడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, దాన్నిబట్టి ఎక్స్‌పోజరు, అంటే పలక మీద ఎంతసేపు వెలుతురు పడాలో, లెక్క కట్టాలి. గొట్టంలోంచి చూస్తూ, కనబడే అంకెల్లో ఆఖరిదాన్ని చదివే మీటర్లు కూడా ఉండేవి. వాటి లోపం మన కంటిలోనే ఉంది. చీకటికి అలవాటుపడేకొద్దీ కంటికి మరో అంకె కనబడుతుంది, లెక్క మారిపోతుంది. 1932లో వెస్టన్ కంపెనీ సెలీనియం పలకతో 617 మోడల్ మీటరు తెచ్చాక ఈ బాధ తీరింది. సెలీనియం మీద వెలుతురు పడితే కొద్దిపాటి కరెంటు పుడుతుంది, ఆ కరెంటే ముల్లును కదుపుతుంది. బ్యాటరీ అక్కర్లేదు.

అయితే మన ఊళ్ళలో ఎక్కువమందికి మొదటి మీటరు ఫిల్ము డబ్బాలో మడిచిపెట్టిన చిన్న కాగితం. సూర్యుడు, మబ్బు బొమ్మలతో ఉండే ఆ పట్టిక ఇప్పటికీ పనికొస్తుంది. ఎండ బాగా కాస్తుంటే ఎపర్చర్ 16 (అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది), షటరు స్పీడు ఫిల్ము వేగాన్ని చెప్పే ఏఎస్ఏ అంకెకు దగ్గరగా. అంటే 100 ఫిల్ముకు 1/125, 400 ఫిల్ముకు 1/500. మిగతాదంతా నేల మీది నీడను చూసి దిద్దుకోవడమే. మనిషి నీడ అంచు కత్తిరించినట్టుంటే 16. నీడ ఉండి అంచు మెత్తబడితే 11. ఆకాశం తెల్లగా వెలుగుతున్నా నేల మీద నీడే లేకపోతే 8. ముసురు పట్టినా, మనిషి ఆరుబయటే గోడ నీడలో నిలబడినా 5.6. విశాఖ, భీమిలి తీరాల్లో ఎండలో ఇసుక మీద తీస్తే కిందినుంచి కూడా వెలుతురు కొడుతుంది కాబట్టి 22. పొద్దు పొడిచిన రెండు గంటల నుంచి పొద్దు గూకడానికి రెండు గంటల ముందు వరకే ఈ లెక్క. ఆ తర్వాత వచ్చే నీరెండ నిమిషనిమిషానికీ తగ్గిపోతుంది, దాన్ని కంటితో కొలవలేం.

మన వేసవి గురించి ఆ కాగితం చెప్పనిది ఒకటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తి మీద నుంచి పడుతుంది. నేల, ఇళ్ళ కప్పులు 16కే సరిపోతాయి, మనిషి ముఖం సరిపోదు. కనుబొమల కింద, ముక్కు కింద గుంటలన్నీ నల్లబడతాయి. ముఖమే ముఖ్యమైతే ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుతురు వచ్చేలా, తెరిచి 11కి తేవాలి. అంతకన్నా మంచిది, మనిషిని వసారా అంచుకు పిలిచి 5.6 దగ్గర తీయడం.

ఆ రోజుల్లో డబ్బా మీద ఏఎస్ఏతో పాటు డిన్ అంకె కూడా ఉండేది. తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ నుంచి వచ్చే ఓర్వో ఎన్‌పీ22లో ఆ 22 డిన్ లెక్కే, ఏఎస్ఏలో అది 125. 21 డిన్ అంటే 100. మూడు కలిపితే రెట్టింపు: 24 అంటే 200, 27 అంటే 400. ఒక్కో డిన్ అంకె స్టాపులో మూడోవంతు. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే మూడోవంతు స్టాపు దిద్దుబాటుకు వేళ్ళు మడిస్తే చాలు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు ఫిల్ము వాడినవాళ్ళకూ ఇదే లెక్క. అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాల్లో ఎండ, మబ్బు గుర్తులు తప్ప పెద్ద అమరికలేమీ ఉండేవి కావు. అయినా వాటితో తీసిన బొమ్మలు నిలిచాయంటే నలుపుతెలుపు నెగటివుకున్న ఓర్పే కారణం. రెండు స్టాపులు ఎక్కువైనా అది భరించేది, నెగటివును పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద కాగితాన్ని ఇంకొన్ని సెకన్లు ఉంచితే బొమ్మ దిగేది. తక్కువైతే మాత్రం దానికీ మందు లేదు. నీడలో వివరం నెగటివు మీదికే ఎక్కకపోతే ఎన్‌లార్జర్ దాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది?

చేతిమీటర్లలో నా దృష్టిలో సెకోనిక్ ఎల్-398ని మించిన గురువు లేదు. గుండ్రటి తలకాయ మీద పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి అతికించినట్టుండే తెల్ల బుడగ, కింద అంకెల చక్రం, మధ్యలో బొత్తాం. సినిమా కెమెరామన్ మెడలో వేలాడేది కూడా ఇలాంటిదే. దీన్ని వాడే పద్ధతి చెబుతాను. ముందు చక్రం మీద ఫిల్ము ఏఎస్ఏ పెట్టాలి. తర్వాత మనిషి నిలబడే చోటికి వెళ్ళాలి. ముఖం ఉండే ఎత్తులో మీటరు పట్టుకుని, తెల్ల బుడగను కెమెరా వైపు తిప్పాలి. బొత్తాం నొక్కితే ముల్లు స్వేచ్ఛగా కదులుతుంది, అది కుదుటపడ్డాక వదిలితే అక్కడే బిగుసుకుంటుంది. ముల్లు చూపిన అంకెను చక్రం మీద గుర్తుకు ఎదురుగా తెస్తే ఎపర్చర్, షటరు జతలన్నీ వరుసగా కనబడతాయి. 1/125కి 8 అంటే 1/250కి 5.6 కూడా అదే. కదిలే పిల్లలైతే ఒక జత, పెద్ద గుంపైతే ఇంకో జత ఎంచుకోవచ్చు.

ఆరుబయట ఎండ ముల్లును చివరికి నెట్టేస్తుంది. అందుకు తలకాయ వెనక సన్నటి చిల్లులున్న లోహపు పలక దూర్చాలి, దాన్ని హై స్లైడ్ అనేవారు. అది దూర్చినప్పుడు చక్రం మీద హెచ్ అని ఉన్న గుర్తు దగ్గరే అంకె కలపాలి. పలక లోపల ఉండగా మామూలు గుర్తు దగ్గర చదివినవాళ్ళ రోలు మొత్తం నల్లటి నెగటివులతో బయటికొచ్చేది. ఇక మిగిలిన తప్పులు: బుడగను కెమెరా వైపు కాకుండా సూర్యుడి వైపు తిప్పడం, మీటరు మీద తన నీడే పడేలా నిలబడడం, మనిషి చెట్టు కింద ఉంటే తాను ఎండలో నిలబడి కొలవడం. మూడో తప్పు చేసేది ఎక్కువగా బద్ధకస్తులే. మనిషి దాకా నడవలేనంత దూరమైతే, అక్కడ పడుతున్న వెలుతురే ఇక్కడా పడుతోందో లేదో చూసి, పడుతుంటే ఉన్నచోటే అదే దిక్కుకు తిప్పి కొలిస్తే తప్పేమీ లేదు. దూరపు కొండకూ ఇక్కడి రాయికీ పడేది ఒకే ఎండ.

ఈ పద్ధతిని నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఉంది. ఇది మనిషి మీద పడే వెలుతురును కొలుస్తుంది. కెమెరాలోని మీటరు వస్తువు మీద పడి తిరిగొచ్చే వెలుతురును చూస్తుంది. తిరిగొచ్చేది తక్కువైతే వెలుతురు తక్కువా, వస్తువే నల్లనిదా అన్నది దానికి తెలియదు. అందుకని ప్రతిదాన్నీ నడిమి బూడిదరంగుకు తెచ్చే అంకె ఒకటి చెబుతుంది. తెల్లటి గోడను చూపిస్తే గోడను బూడిద చేస్తుంది. నల్లటి గేదెను చూపిస్తే గేదెనూ బూడిద చేస్తుంది. కొడాక్ అమ్మిన 18 శాతం బూడిద అట్ట ఈ నడిమి రంగుకు నమూనా.

తెలుగు పెళ్ళిలో ఇది ఎంత దెబ్బ కొట్టేదో తీసినవాళ్ళకే తెలుసు. వధూవరులిద్దరూ మధుపర్కాల్లో ఉంటారు. ఎర్రంచు తెల్లబట్ట, మధ్యలో తెల్ల తెర, పురోహితుడి తెల్ల పంచె. వ్యూఫైండర్‌లో సగానికి పైగా తెలుపే. ముల్లు మధ్యకు తెచ్చి తీస్తే బట్టలు మాసినట్టు బూడిదగా, చామనచాయ ముఖాలు బొగ్గుల్లా వచ్చేవి. మీటరు చెప్పినదానికన్నా ఒకటిన్నర స్టాపు తెరవాలి. 8 చెబితే 5.6కూ 4కూ మధ్యన. ఈ లెక్క అప్పటికప్పుడు వేసుకోవడం కుదరదు. జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టేది ఒక్క క్షణం, మంగళసూత్రం మూడు ముళ్ళు. అందుకని అనుభవమున్నవాళ్ళు ముహూర్తానికి ముందే పీటల దగ్గరికి వెళ్ళి, పెళ్ళికూతురు కూర్చునే చోట బుడగ మీటరు పెట్టి కొలుచుకుని, ఆ అంకెను చీటీ మీద రాసి కెమెరా వెనక అతికించుకునేవారు. వీడియో లైట్లు వెలిగాక మరోసారి కొలిచేవారు, ఎందుకంటే ఆ హాలోజెన్ లైటు ఒకటి పక్కకు తిరిగితే రెండు స్టాపులు తేడా వస్తుంది. ఎర్ర, పసుపు గుడ్డల షామియానా కింద ఇంకో చిక్కు ఉంది. వెలుతురు సరిపోయినా దాని రంగు మారిపోతుంది. మీటరుకు రంగుతో పని లేదు, అంకె సరిగానే చెబుతుంది. నలుగు పెట్టిన ముఖం ఇంకా పచ్చగా వస్తే ఆ తప్పు మీటరుది కాదు.

బుడగ మీటరు లేనివాళ్ళకు అరచేయే దిక్కు. ఒంటి రంగు ఎలా ఉన్నా అరచేతుల మధ్య తేడా తక్కువ, నడిమి బూడిద కన్నా ఒక స్టాపు ఎక్కువ తెలుపు. ముఖం మీద పడే వెలుతురే అరచేతి మీద పడేలా పట్టుకుని, వ్యూఫైండర్ నిండా చేయి కనబడేంత దగ్గరగా కెమెరా తెచ్చి కొలవాలి. ఫోకస్ కుదరకపోయినా ఫర్వాలేదు. వచ్చిన అంకెకు ఒక స్టాపు తెరవాలి. 16 వస్తే 11. ఆ ఒక్క స్టాపు మరిచిపోవడమే దీనిలో అందరూ చేసే తప్పు. అరచేయి కాకుండా పరిసరాలను చూపించాలనుకుంటే ఎండలో ఉన్న పచ్చగడ్డి, వాడి వాడి వెలిసిన తారురోడ్డు, ఎండకూ వానకూ పాతబడిన బండరాయి నడిమి రంగుకు దగ్గరగా ఉంటాయి. అయితే తడిసిన రోడ్డు మీద ఆకాశం మెరుస్తుంది కాబట్టి వానాకాలంలో రోడ్డును నమ్మకూడదు.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నునుపు దేలిన నల్లరాతి స్తంభాన్ని ఫ్రేము నిండా పెట్టి కొలిచినవాళ్ళు తెల్లబారిన స్తంభాలతో ఇంటికొచ్చేవారు. అక్కడ చెప్పిన అంకెకన్నా ఒకటిన్నర స్టాపు మూయాలి. రామప్ప గుడి దగ్గర పని కాస్త సులువు. గోడలు ఎర్ర ఇసుకరాయి, మదనికలు నల్లరాయి. ఒకే ఎండ రెండింటి మీదా పడుతున్నప్పుడు ఇసుకరాయి గోడను కొలిచి ఆ అంకెనే ఉంచితే మదనికలు వాటంతటవే నల్లగా, నునుపు మెరుపుతో వస్తాయి. చూరు నీడలో ఉన్న మదనికను విడిగా తీయాలంటే మాత్రం మళ్ళీ కొలవాలి.

ఎదురు వెలుతురు ఇంకో పాఠం. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద నిలబడి సాయంత్రం హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహాన్ని చూస్తే సూర్యుడు విగ్రహం వెనక్కి దిగుతుంటాడు. ఫ్రేములో ఆకాశం ఎక్కువ కాబట్టి మీటరు ఆకాశాన్నే వింటుంది, విగ్రహం నల్లటి ఆకారంగా మిగులుతుంది. అదే కావాలంటే సూర్యుణ్ణి ఫ్రేములోంచి తప్పించి, పక్కనున్న ఆకాశాన్ని కొలిచి, ఆ అంకెతో మళ్ళీ ఫ్రేము కట్టుకోవాలి. సూర్యుణ్ణి ఉంచి కొలిస్తే ఆకాశం కూడా చీకటైపోతుంది. గట్టు మీద నిలబెట్టిన మనిషి ముఖం కనబడాలంటే దగ్గరికెళ్ళి ముఖాన్నే కొలిచి వెనక్కి రావాలి, ఆకాశం తెల్లబారితే బారనివ్వాలి. రెండూ కావాలంటే ఆకాశానికి కొలిచి ముఖానికి ఫ్లాష్ వేయాలి.

కెమెరా లోపలే మీటరున్నవాటిలో ఒక్కోదాని తత్వం ఒక్కో రకం. కె1000 1976 నుంచి 1997 దాకా తయారైంది. దాని మీటరుకు ఆన్, ఆఫ్ స్విచ్చి లేదు, లెన్సు మూతే స్విచ్చి. మూత పెట్టకుండా బీరువాలో పడేస్తే చిన్న బొత్తాం బ్యాటరీ అయిపోయేది. బ్యాటరీ పోయినా షటరు మాత్రం పనిచేసేది, అప్పుడు నేల మీది నీడే మీటరు. నికాన్ ఎఫ్‌ఎం2లో ముల్లు బదులు ఎర్ర దీపాలు: కూడిక గుర్తు, సున్నా, తీసివేత గుర్తు. సున్నా ఒక్కటే వెలిగితే సరి. సున్నాతో కూడిక కూడా వెలిగితే స్టాపు లోపల ఎక్కువ. కూడిక ఒక్కటే వెలిగితే స్టాపుకు మించి ఎక్కువ. చీకట్లో ముల్లు కనబడదు, దీపాలు కనబడతాయి, ఈ ఒక్క కారణానికే రాత్రి సభలు తీసేవాళ్ళు దీన్ని ఇష్టపడ్డారు. ఇందులో మీటరు 60 శాతం మధ్యనున్న 12 మిల్లీమీటర్ల వలయాన్నీ, 40 శాతం మిగతా ఫ్రేమునూ వింటుంది. కాబట్టి ముఖ్యమైనది వలయంలో పెట్టి కొలిచి, అంకె పెట్టేసి, తర్వాత ఫ్రేము మార్చుకోవాలి. ఫ్రేము మార్చాక దీపాలు వేరేగా వెలుగుతాయి. వాటిని చూసి కంగారుపడి మళ్ళీ రింగు తిప్పితే మొదటికే వస్తుంది.

నెగటివును చదవడం రాకపోతే మీటరు రాదు. రంగు ల్యాబు మిషను ప్రతి బొమ్మనూ తానే దిద్ది ప్రింటు తీసేది. రెండు స్టాపులు ఎక్కువ తీసినా, సరిగ్గా తీసినా ప్రింట్లు ఒకేలా కనబడేవి. నేర్చుకునేవాళ్ళకు దీనంత అన్యాయం లేదు. అందుకే ప్రింట్లు పక్కనపెట్టి నెగటివు పట్టీని ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. నలుపుతెలుపులో నీడలున్న చోట పలచగానైనా వివరం కనబడితే సరే. అక్కడ అద్దంలా తేటగా ఉంటే అండర్, అంటే వెలుతురు చాలలేదు. నెగటివు పలచగా వచ్చినప్పుడు తప్పు తీసేటప్పటిదా, కడిగేటప్పటిదా అని తెలుసుకోవడానికి ఫిల్ము అంచున ఉండే కంపెనీ పేరు, అంకెలు చూడాలి. అవి ఫ్యాక్టరీలోనే పడ్డవి. అవి చిక్కగా ఉండి బొమ్మ పలచగా ఉంటే తప్పు మీటరు దగ్గర. అవి కూడా వెలిసిపోయినట్టుంటే డెవలపర్ చల్లబడిందో, పాతబడిందో.

గట్టిగా నేర్చుకోవాలనుకున్నవాళ్ళు, ఫిల్ము మీదే నేరుగా అసలు బొమ్మ వచ్చే స్లయిడు ఫిల్ము ఒక రోలు తీసేవారు. స్లయిడుకు అర స్టాపు తేడా కూడా కనబడుతుంది, మధ్యలో ల్యాబు చేయి ఉండదు. ఒక్కో దృశ్యాన్ని మూడుసార్లు తీయాలి: మీటరు చెప్పినట్టు, ఒక స్టాపు తక్కువ, ఒక స్టాపు ఎక్కువ. చిన్న పుస్తకంలో బొమ్మ నంబరు, దేన్ని కొలిచింది, ఎపర్చర్, షటరు, నీడ ఎలా ఉంది అని రాసుకోవాలి. 12 దృశ్యాలకు 36 బొమ్మలు అయిపోతాయి. ఖరీదైన చదువే, కానీ ఆ ఒక్క రోలు ఏడాది తిరుగుళ్ళకు సమానం.

ఫ్లాష్ దగ్గర మామూలు మీటరు పనిచేయదు, ఆ వెలుగు ముల్లు కదిలేలోపే అయిపోతుంది. అక్కడ ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబరు లెక్క. 100 ఫిల్ముకు గైడ్ నంబరు 28 అంటే, మీటర్లలో దూరంతో భాగిస్తే ఎపర్చర్ వస్తుంది: మూడున్నర మీటర్లకు 8, ఐదు మీటర్లకు 5.6. ఈ నంబరును గోడలూ కప్పూ ఉన్న గదికి కట్టారు. రాత్రి ఆరుబయట ఊరేగింపులో వెలుతురును తిప్పికొట్టే గోడ లేదు కాబట్టి అర స్టాపు నుంచి ఒక స్టాపు తెరవాలి. సెన్సరున్న ఆటో ఫ్లాష్‌కు మళ్ళీ ఆ పాత జబ్బే. తెల్లబట్టలు చూసి తొందరగా ఆగిపోతుంది, నల్లటి రాత్రిని చూసి ముఖాలను కాల్చేస్తుంది. స్టూడియోల్లో ఫ్లాష్ మీటర్లు వచ్చాక పని మారింది. ఒక్కో లైటును విడిగా వెలిగించి కొలవడం మొదలైంది. ముఖ్యమైన లైటు ఒక్కటే 8, నింపే లైటు ఒక్కటే 5.6 వస్తే, రెండూ పడే చెంపకు మూడు పాళ్ళు, నీడ చెంపకు ఒక పాలు. పెళ్ళిచూపుల ఫోటోకు ఇంతకన్నా గాఢమైన నీడ వద్దనేవారు. ఆ మాట సరైనదే.

ట్యూబ్‌లైట్ల గదిలో గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మన కరెంటు 50 సైకిళ్ళు, పాత చోకు ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. మీటరు సగటును చదువుతుంది. షటరు 1/125 కన్నా వేగంగా పెడితే ఒక బొమ్మ వెలుగ్గా, ఇంకో బొమ్మ చీకటిగా రావచ్చు. 1/60 గానీ 1/30 గానీ పెట్టాలి. దీపావళి ప్రమిదల దగ్గర ముఖాలు తీయాలంటే 100 ఫిల్ముకు ఎపర్చర్ 2, షటరు పావు సెకను దగ్గర మొదలుపెట్టవచ్చు. దీపాన్ని ఫ్రేములో ఉంచి కొలవకూడదు, దీపం వెలుగు పడ్డ చెంపనే కొలవాలి. సెకను దాటితే ఫిల్ము మొండికేస్తుంది. ట్రై-ఎక్స్ ఫిల్ముకు కొడాక్ ఇచ్చిన పాత పట్టికలో మీటరు 1 సెకను చెబితే 2, 10 చెబితే 50 ఇవ్వాలి. లెన్సు ముందు ఫిల్టరు బిగించి చేతిమీటరుతో కొలిచేవాళ్ళు దాని లెక్క కూడా కలుపుకోవాలి: పసుపుకు ఒక స్టాపు, ముదురు ఎరుపుకు మూడు. ఈ మూడు స్టాపులు మరిచిపోయి, మబ్బుల కోసం ఎర్ర ఫిల్టరు కొన్నవాళ్ళకు తేట నెగటివులు దక్కేవి.

స్పాట్ మీటరు అందరికీ అందిన వస్తువు కాదు. పెంటాక్స్ స్పాట్ మీటరు ఒక్క డిగ్రీ కోణంలో ఉన్నదాన్నే కొలుస్తుంది, దూరంగా నిలబడి గోపురం మీద ఒక బొమ్మను పట్టుకోవచ్చు. అమెరికా ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కట్టిన జోన్ పద్ధతి (చిక్కటి నీడ నుంచి తెలుపు దాకా మెట్లుగా విడగొట్టి చూడడం) దీనితోనే బాగా సాగుతుంది. వివరం కావాల్సిన చిక్కటి నీడను కొలిచి, వచ్చిన అంకెకు రెండు స్టాపులు మూయాలి. నీడ కొలత 4 అయితే 8 దగ్గర తీయాలి. మూయడం మరిచి 4 దగ్గరే తీస్తే నీడ బూడిదై, మొత్తం రెండు స్టాపులు ఎక్కువైపోతుంది. తర్వాత వెలుగుపడ్డ చోటును కూడా కొలిచి తేడా చూడాలి. ఐదు స్టాపులు దాటితే స్లయిడు మోయలేదు, నలుపుతెలుపైతే డెవలపర్‌లో తక్కువసేపు ఉంచి సర్దుకోవచ్చు.

డిజిటల్ వచ్చాక ఒక్క సూత్రం తలకిందులైంది. నెగటివుకు నీడను కాపాడాలి, సెన్సరుకు వెలుగును కాపాడాలి. సెన్సరు మీద తెలుపు తెగిపోతే మళ్ళీ రాదు, నీడను మాత్రం కెమెరా దిద్దకుండా దాచే రా ఫైలులోంచి చాలావరకు లాగవచ్చు. మధుపర్కాలకు ఫిల్ము రోజుల్లో ధైర్యంగా ఒకటిన్నర స్టాపు తెరిచిన చేయి ఇప్పుడు ఒకటి దగ్గరే ఆగి, వెలుగునీడల పాళ్ళను గీసి చూపే హిస్టోగ్రామ్ కుడి అంచుకు గుద్దుకుందేమో చూసుకోవాలి. ఫోనులో ముఖం మీద వేలు పెట్టి నొక్కిపట్టి, సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగడం కూడా ఆ అరచేతి లెక్కకు వారసురాలే. పల్లెలో పాత కెమెరా దొరికితే, ఫోనులో మీటరు యాప్ పెట్టుకుని దానితో తీయవచ్చు. ముందు ఎండలో 16 లెక్కతో సరిపోల్చుకోవాలి.

ఇంట్లో తాతగారి మీటరు దొరికినవాళ్ళు అడిగేది ఒక్కటే, ఇది పనిచేస్తుందా అని. సెలీనియం మీటరైతే ముందు వెలుతురు పడే దాని సెల్‌ను అరచేత్తో పూర్తిగా మూయండి. ముల్లు సున్నా దగ్గర ఆగకపోతే వెనకో పక్కనో ఉన్న చిన్న మర ముల్లును సరిచేస్తుంది, అర చుట్టు కూడా అక్కర్లేదు. తర్వాత మబ్బులేని రోజు పదకొండింటికి ఏఎస్ఏ 100 పెట్టి, ఎండలో ఉన్న బూడిద అట్టను గానీ, అరచేతిని ఒక స్టాపు లెక్కతో గానీ కొలవండి. 1/125కి 16 దగ్గర చూపితే ఆరోగ్యంగా ఉన్నట్టు. అదే పరీక్ష వసారా నీడలో, గదిలో కిటికీ దగ్గర చేసి, తెలిసిన డిజిటల్ కెమెరాతో పోల్చండి. మూడు చోట్లా ఒకే స్టాపు వెలుతురు తక్కువ చూపిస్తే బాధ లేదు, ఏఎస్ఏ చక్రం 100 బదులు 200 దగ్గర పెట్టి వాడుకోవచ్చు. ఎండలో సరిగా ఉండి నీడలో తప్పుతుంటే సెల్ అయిపోయినట్టే, దాన్ని షోకేసులో పెట్టుకోవడమే.

బ్యాటరీతో నడిచే పాత మీటర్లు, గాస్సెన్ లూనాసిక్స్ చేతిమీటరు, యాషికా మ్యాట్ 124జీ కెమెరాలోని మీటరు లాంటివి, 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి కట్టినవి. ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. అదే సైజు 1.5 వోల్టుల ఆల్కలైన్ పెడితే ఉన్నదానికన్నా ఎక్కువ వెలుతురు చూపించి బొమ్మను అండర్ చేస్తుంది, పైగా బ్యాటరీ అరిగేకొద్దీ తప్పు మారుతుంటుంది. వినికిడి యంత్రాలకు వాడే 675 జింక్ బ్యాటరీ సుమారు 1.4 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటుంది. సైజు చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు వలయం పెట్టాలి. దాని మీది కాగితం ఊడదీశాక రెండు మూడు నెలలకు మించి నమ్మకూడదు. ఈ మీటర్లలోని సెల్‌కు జ్ఞాపకం ఎక్కువ. ఎండలో కొలిచి వెంటనే గదిలోకి వస్తే కాసేపు ఎండనే గుర్తుపెట్టుకుని చూపిస్తుంది, రెండు మూడు నిమిషాలు ఆగి కొలవాలి.

తీరప్రాంతాల్లో ఉన్నవాళ్ళు మీటరును తోలు సంచిలో ఉంచకండి. తోలు తేమను పట్టుకుంటుంది, సెలీనియానికి తేమే శత్రువు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, సెల్ మీద నల్లగుడ్డ చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. జెల్ గుళికలు నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగినప్పుడు, వంటకు వాడని పెనం మీద సన్నటి సెగన మళ్ళీ నీలం తేలేదాకా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాలో వేయండి.